ట్రిప్ అయింది సరే, ఎందుకు? లిథియం బ్యాటరీల ఈవెంట్ లాగ్‌లపై ఒక సమీక్ష

ఢిల్లీలో ఏ మెట్రో స్టేషన్ దిగినా బయట ఈ-రిక్షాల వరస కనిపిస్తుంది. నగరంలో రిజిస్టరైనవే లక్షకు పైగా ఉన్నాయి. మొన్నమొన్నటిదాకా వీటి సీట్ల కింద ఎక్కువగా లెడ్-యాసిడ్ బ్యాటరీలే ఉండేవి. అవి చెడిపోతున్నాయంటే డ్రైవరుకు ముందే తెలిసేది. బండి లాగుడు తగ్గేది, రోజుకు రెండు ట్రిప్పులు తగ్గేవి, తరచూ నీళ్లు పోయాల్సి వచ్చేది. ఇప్పుడు వాటి చోటికి లిథియం ప్యాక్‌లు వస్తున్నాయి. ఇవి అలా మెల్లగా మొరాయించవు. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఉన్నట్టుండి కరెంటు ఆగిపోతుంది, రెండు నిమిషాలాగితే మళ్లీ వస్తుంది. కరెంటు ఆపింది సెల్‌లకు కాపలా ఉండే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే బీఎంఎస్. ఇలా ఆపడమే ట్రిప్. డ్రైవరు వచ్చి ‘బ్యాటరీ బైఠ్ గయీ’ అంటే ఇప్పటి మెకానిక్ పానా కన్నా ముందు ఫోన్ తీస్తాడు. బ్లూటూత్‌లో ప్యాక్‌ను కలిపి యాప్ తెరుస్తాడు.

ఆ యాప్‌లో కనిపించే ఈవెంట్ లాగ్‌ను ఎంతవరకు నమ్మవచ్చు? దాంతో ఏ లోపం తేలుతుంది, ఏది తేలదు? అది ఎవరి చేతిలో ఉండాలి? ఇళ్లలో ఇన్వర్టర్లకు లిథియం వస్తోంది, డీజిల్ జనరేటర్ల మీద ఆంక్షలు బిగుస్తున్నాయి, సబ్‌స్టేషన్లలో మెగావాట్ల బ్యాటరీలు పెడుతున్నారు. కాబట్టి ఇది రిక్షావాలాల గొడవగానే మిగిలే ప్రశ్న కాదు.

లాగ్‌లో ఉండేది బీఎంఎస్ తాను చేసిన పనికి రాసుకున్న లెక్క. ఫలానా కొలత ఫలానా హద్దు దాటింది, అందుకే స్విచ్ ఆపాను అన్నంతవరకే అది చెబుతుంది. ఎందుకు దాటిందన్నది చదివేవాళ్లు తేల్చుకోవాలి. ఈ సంగతి మరిచిపోయిన చోట బాగున్న ప్యాక్‌లు తుక్కుకు పోతాయి, ప్రమాదకరమైనవి బండ్లలో తిరుగుతుంటాయి.

2022 వేసవి తర్వాత

మన దేశంలో ఈ చర్చ వేడెక్కింది 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో. పుణెలో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ రోడ్డు పక్కనే తగలబడింది. వెల్లూరులో తండ్రీకూతుళ్లు ప్రాణాలు కోల్పోయారు. నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు, ఆ వెంటనే విజయవాడలో మరో వ్యక్తి చనిపోయారు. కారణాలు కనుక్కునే పని కేంద్ర రోడ్డు రవాణా శాఖ డీఆర్‌డీవోకు చెందిన సీఎఫ్‌ఈఈఎస్‌కు అప్పగించింది. మంటలు, పేలుడు పదార్థాలు, పర్యావరణ భద్రతపై పనిచేసే ఆ కేంద్రం ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో ఉంది. భద్రతా ప్రమాణాలను సవరించడానికి వేసిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ అప్పటి డైరెక్టర్ తాతా నరసింగరావు అధ్యక్షత వహించారు. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ శాస్త్రవేత్త ఒకరు సభ్యులుగా ఉన్నారు.

ఆ కమిటీ సిఫార్సుల మీద ఏఐఎస్-156, ఏఐఎస్-038 ప్రమాణాలకు సవరణలు వచ్చాయి. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది. సెల్‌ల నాణ్యత, బీఎంఎస్, చార్జర్, ప్యాక్ నిర్మాణం, ఒక సెల్‌లో షార్ట్ అయితే ఆ వేడి పక్క సెల్‌లకు పాకకుండా చూడటం ఈ సవరణల్లోని ముఖ్యాంశాలు.

ఆ ప్రమాదాల నుంచి లాగ్‌ల విషయంలో నేర్చుకోవాల్సింది మరొకటుంది. చాలా ప్యాక్‌లలో లాగ్ ఉండేది బీఎంఎస్ బోర్డు మీది మెమరీ చిప్‌లోనే. ప్యాక్ కాలితే చిప్పూ కాలుతుంది. అందరికీ సాక్ష్యం కావాల్సిన రోజునే సాక్ష్యం బూడిదవుతుంది. బయట ఒక నకలు లేని లాగ్ చిన్న రిపేర్లకు పనికొస్తుందేమో గానీ పెద్ద ప్రమాదం దర్యాప్తుకు పనికిరాదు.

లాగ్‌లన్నీ ఒకటి కావు

మార్కెట్లో ఉన్న బీఎంఎస్‌లను అవి గుర్తుపెట్టుకునే తీరును బట్టి నాలుగు రకాలుగా చూడవచ్చు.

చవకైన హార్డ్‌వేర్ బీఎంఎస్ హద్దు దాటితే ఆపేస్తుంది, ఏమీ గుర్తుంచుకోదు. దానికి యాప్ కూడా ఉండదు.

రెండో రకం లెక్క మాత్రమే పెడుతుంది. చైనా నుంచి వచ్చే జేబీడీ బోర్డులు దీనికి మంచి ఉదాహరణ. షార్ట్ సర్క్యూట్, చార్జింగ్‌లో అధిక కరెంటు, డిశ్చార్జిలో అధిక కరెంటు, సెల్ వోల్టేజీ ఎక్కువ కావడం, తక్కువ కావడం, చార్జింగ్ వేళ వేడి, చలి, డిశ్చార్జి వేళ వేడి, చలి, మొత్తం ప్యాక్ వోల్టేజీ ఎక్కువ కావడం, తక్కువ కావడం: ఇలా 11 రకాల ట్రిప్పులు ఒక్కోటి ఎన్నిసార్లు జరిగాయో అందులో ఉంటుంది. ఎప్పుడు, ఏ సెల్ వల్ల అన్నది ఉండదు. పైగా సెట్టింగ్‌లు మార్చాక బోర్డుకు ఇచ్చే ముగింపు ఆదేశాల్లో ఒకటి ఈ లెక్కలన్నిటినీ సున్నా చేసేస్తుంది. అంటే ఎవరో ఒక హద్దు సరిచేసి సేవ్ చేసిన పాపానికి పాత చరిత్రంతా తుడిచిపెట్టుకుపోవచ్చు.

మూడో రకం సమయంతో సహా ఒక్కో సంఘటనను వరుసగా రాస్తుంది. నాలుగోది టెలిమాటిక్స్. ప్యాక్‌లోనే సిమ్ ఉంటుంది, కొలతలు కొన్ని సెకన్లకో నిమిషాలకో ఒకసారి సర్వర్‌కు చేరుతుంటాయి. గురుగ్రామ్ కేంద్రంగా ఈ-రిక్షాలకు బ్యాటరీ మార్పిడి నడిపే బ్యాటరీ స్మార్ట్ వంటి కంపెనీల వ్యాపారానికి ఇలాంటి దూరపు నిఘానే ఆధారం. ఎవరి చేతికి ఏ ప్యాక్ పోయిందో, ఎంత చార్జింగ్‌తో తిరిగొచ్చిందో తెలియకపోతే మార్పిడి వ్యాపారం సాగదు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. యాప్‌లో కనిపించే గ్రాఫులన్నీ బీఎంఎస్ దాచినవి కావు. కొన్ని యాప్‌లు ఫోన్ కలిసి ఉన్నంతసేపే గీత గీస్తాయి. ఫోన్ దూరం కాగానే గీత ఆగిపోతుంది. రాత్రంతా ప్యాక్ బాగానే ఉందనడానికి ఆ గ్రాఫును చూపిస్తే చెల్లదు, అది రాత్రిని చూడనేలేదు.

ఒక ప్యాక్‌ను చదివి చూద్దాం

ఈ-రిక్షాల్లో ఎక్కువగా కనిపించే ప్యాక్ ఒకటి తీసుకుందాం. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం, 16 సెల్‌లు వరుసగా, 51.2 వోల్టులు, సుమారు 100 ఆంపియర్-అవర్లు. ఎల్‌ఎఫ్‌పీ సెల్ మామూలుగా 3.2 వోల్టుల దగ్గర ఉంటుంది. చార్జింగ్‌లో 3.65 దాటకూడదు, వాడకంలో 2.5 కన్నా దిగకూడదు.

మధ్యాహ్నం 2 గంటల 12 నిమిషాలకు లాగ్‌లో 11వ సెల్ పేరు మీద అండర్‌వోల్టేజ్ పడిందనుకుందాం. ఐదు సెకన్లలో రిలీజ్, అంటే స్విచ్ మళ్లీ కలిసింది. 2.31కి మళ్లీ, 2.47కి మళ్లీ. సెల్ చచ్చిపోయింది, మార్చేయాలి అని తేల్చడం తేలిక. కానీ ఆ వరుసలోనే కరెంటు ఎంతుందో చూడాలి. మూడుసార్లూ 60 ఆంపియర్ల దగ్గరే పడిందనుకోండి. కరెంటు తగ్గగానే ఆ సెల్ మిగతా వాటితో సమానంగా లేచి కూర్చుందనుకోండి. లోడు మీద ఉన్నప్పుడు మిగతా సెల్‌ల కన్నా 120 మిల్లీవోల్టులు ఎక్కువ పడిపోతోందనుకోండి. 0.12ను 60తో భాగిస్తే 2 మిల్లీఓమ్‌ల అదనపు నిరోధం వస్తుంది. అది సెల్ లోపలే ఉండనక్కర్లేదు. సెల్‌ను సెల్‌తో కలిపే బస్‌బార్ నట్టు వదులైనా, వెల్డింగ్ విడిపోతున్నా అంతే చూపిస్తుంది. 60 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోటే 7 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఢిల్లీ రోడ్ల గుంతల్లో రోజూ ఎగిరెగిరిపడే బండిలో నట్టు వదులవడం వింత కాదు. సోల్డరింగ్ ఐరన్ కన్నా ముందు టార్క్ రెంచ్ తీయాలి.

సెల్‌లో లోపమా, అతుకులో లోపమా, లేక సెల్‌ల మధ్య సమతూకం తప్పిందా అన్నది చార్జింగ్ లాగ్‌నూ డిశ్చార్జి లాగ్‌నూ పక్కపక్కన పెడితే చాలావరకు తేలుతుంది.

ఒకే సెల్ చార్జింగ్‌లో అందరికన్నా ముందు నిండి, డిశ్చార్జిలో కూడా అందరికన్నా ముందు ఖాళీ అవుతుంటే ఆ సెల్ సామర్థ్యం తగ్గింది. చార్జింగ్‌లో ముందు నిండే సెల్ డిశ్చార్జిలో చివరిదాకా నిలబడితే అది బాగానే ఉంది, మిగతా వాటికన్నా ఎక్కువ నిండి ఉందంతే. బ్యాలెన్సింగ్ చేస్తే సరిపోతుంది. చార్జింగ్‌లో వెనకబడి, డిశ్చార్జిలో ముందు ఖాళీ అయ్యేది తక్కువ నిండిన సెల్. బ్యాలెన్స్ చేశాక కొన్ని వారాలకు మళ్లీ అదే స్థితికి వస్తే అది తనలో తానే కరెంటు పోగొట్టుకుంటోందని అనుమానించాలి. ఇది ప్రమాదపు గుర్తు. కరెంటు మారిన క్షణమే తేడా పుట్టి, ఆగిన క్షణమే పోతే నిరోధం లోపం.

ఇంకో గమ్మత్తైన జాడ ఉంది. మిగతా సెల్‌లన్నీ 3.30 వోల్టుల దగ్గర ఉండగా 7వ సెల్ 3.41, 8వ సెల్ 3.19 చూపిస్తున్నాయనుకోండి. రెండూ కలిపితే 6.60, సరిగ్గా రెండు మంచి సెల్‌ల మొత్తం. ఒకటి ఎంత పెరిగిందో పక్కది అంతే తగ్గిందంటే సెల్‌లను అనుమానించే ముందు వాటి మధ్య కొలత తీసుకునే సన్నటి సెన్స్ వైరును చూడాలి. మల్టీమీటర్ పెడితే నిమిషంలో తేలిపోతుంది. ఇది చూడకుండా సెల్ మార్చితే డబ్బు దండగ, లోపం అలాగే ఉంటుంది.

తరచూ కనిపించే తప్పుడు భయాలు

రోజూ పొద్దున తాళం తిప్పగానే లాగ్‌లో ‘షార్ట్ సర్క్యూట్’ అని పడుతుందనుకోండి. నిజంగా షార్ట్ అయితే రోజంతా బండి నడవదు. మోటారు కంట్రోలర్‌లోనో ఇన్వర్టర్‌లోనో ఉన్న కెపాసిటర్లు ఖాళీగా ఉండి, కలపగానే ఒక్కసారిగా కరెంటు లాక్కుంటాయి. మిల్లీ సెకన్ల పాటు పారే ఆ కరెంటు బీఎంఎస్‌కు షార్ట్‌లాగే కనిపిస్తుంది. ఆ కెపాసిటర్లను ముందే మెల్లగా నింపే ప్రీచార్జ్ రెసిస్టర్ పెడితే ఆ నమోదు ఆగిపోతుంది.

రాత్రిపూట ప్యాక్ ఓవర్‌వోల్టేజ్ పడుతుంటే ముందు చార్జర్ మీద ఏం రాసి ఉందో చూడాలి. 16 ఎల్‌ఎఫ్‌పీ సెల్‌లకు పై హద్దు 58.4 వోల్టులు. పాత లెడ్-యాసిడ్ చార్జర్ ఒక్కో బ్యాటరీని 14.7 వోల్టుల దాకా తీసుకెళ్లేదైతే నాలుగింటికి 58.8 అవుతుంది. ఖర్చు కలిసొస్తుందని బ్యాటరీ మాత్రమే మార్చి చార్జర్‌ను ఉంచుకున్నవాళ్ల ప్యాక్‌లలో ఈ నమోదు రావడం సహజం. సెల్‌లను రోజూ కాపాడుతున్నది బీఎంఎస్ స్విచ్ ఒక్కటే. ఆ స్విచ్ ఏదో ఒకరోజు అతుక్కుపోతే కాపాడేదేమీ ఉండదు. చివరి రక్షణ రోజువారీ పనిముట్టుగా మారిపోయిందని లాగ్ చెబుతోందన్నమాట.

కొత్త ప్యాక్ మొదటి వారాల్లో ఒకే సెల్ ఓవర్‌వోల్టేజ్ చూపించడానికి కారణం సాధారణంగా బ్యాలెన్స్ లేకపోవడమే. 100 ఆంపియర్-అవర్ల ప్యాక్‌లో ఒక సెల్ 5 శాతం ఎక్కువ నిండి ఉంటే తీసేయాల్సింది 5 ఆంపియర్-అవర్లు. చవక బీఎంఎస్‌లో బ్యాలెన్సింగ్ కరెంటు 100 మిల్లీఆంపియర్లు అనుకుంటే 50 గంటలు పడుతుంది. ఎల్‌ఎఫ్‌పీలో బ్యాలెన్సింగ్ అర్థవంతంగా జరిగేది నిండే చివరి అంచులోనే. రోజుకు పది నిమిషాలు మాత్రమే ఆ అంచులో ఉండే ప్యాక్ ఎన్నాళ్లకు సర్దుకుంటుందో లెక్క వేసుకోవచ్చు. వారానికోసారి పూర్తిగా నింపి, చార్జర్ తీయకుండా కొన్ని గంటలు వదిలేయమనడం వెనక కారణం ఇదే.

చార్జింగ్ శాతం 38 నుంచి ఒక్కసారిగా 12కు పడిపోయినా అది ప్రతిసారీ సెల్ లోపం కానక్కర్లేదు. బీఎంఎస్ వచ్చిన కరెంటును, పోయిన కరెంటును కూడి తీసేసి శాతం చెబుతుంది. చిన్న చిన్న కొలత తప్పులు రోజురోజుకీ పేరుకుంటాయి. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ మధ్య భాగంలో దాదాపు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి వోల్టేజీ చూసి సరిదిద్దుకునే వీలుండదు. పూర్తిగా నిండినప్పుడే లెక్క సరిపడుతుంది. భోజనం వేళ అరగంట, టీ వేళ పావుగంట ముక్కముక్కలుగా చార్జ్ చేసే బండ్లలో శాతం అబద్ధమాడటం అందుకే.

ఉష్ణోగ్రత: ముంగేష్‌పూర్ పాఠం

లాగ్‌లోని ఏ అంకె అయినా ఒక సెన్సర్ చెప్పిన మాటే. ఈ విషయం ఢిల్లీవాళ్లకు మరొకరు చెప్పనక్కర్లేదు. 2024 మే 29న ముంగేష్‌పూర్‌లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీలు నమోదు చేసింది. దేశమంతా అదే వార్త. తర్వాత వాతావరణ శాఖ పరిశీలించి ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేల్చింది. ఒక జాతీయ సంస్థ సెన్సరే అలా ఉంటే, ప్యాక్‌లో టేపుతో అంటించిన సెన్సర్ సంగతి చెప్పేదేముంది? తీగ తెగితే చాలా బీఎంఎస్‌లు మైనస్ 40 డిగ్రీలు చూపించి ‘చలి’ అని ట్రిప్ అవుతాయి. ఢిల్లీలో మైనస్ 40 ఎప్పుడూ ఉండదు కాబట్టి అది పసిగట్టడం సులువు. అంటించిన టేపు ఊడి సెన్సర్ గాలిలో వేలాడుతుంటే పసిగట్టడం కష్టం. సెల్ వేడెక్కుతున్నా లాగ్ చల్లగానే ఉంటుంది.

వేసవిలో అసలైన చిక్కు ఇంకొకటి. చాలా సెల్‌ల డేటాషీట్‌లలో చార్జింగ్‌కు పై హద్దు 45 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది. హద్దు 45గా ఉన్న ప్యాక్ జూన్ మధ్యాహ్నం ఎండలో నిలబడి వస్తే చార్జింగే మొదలుకాదు. డ్రైవరుకు బేరం పోతుంది. మెకానిక్‌ను బతిమాలితే అతను యాప్‌లో హద్దును 65 చేసి పంపుతాడు. ఆ తర్వాత లాగ్ శుభ్రంగా ఉంటుంది. సమస్య తీరి శుభ్రంగా ఉందా, కాపలాదారు కళ్లకు గంతలు కట్టడం వల్ల శుభ్రంగా ఉందా అన్నది సెట్టింగ్‌ల పేజీ చూస్తే తప్ప తెలియదు. అందుకే ఏ లాగ్‌నైనా ఆ రోజు అమల్లో ఉన్న హద్దులతో కలిపి చదవాలి. చలికాలంలోనూ ఇంతే. 2021 జనవరి 1న సఫ్దర్‌జంగ్‌లో 1.1 డిగ్రీలు నమోదైంది. చార్జింగ్ కింది హద్దును 5 డిగ్రీలకు పెట్టిన ప్యాక్ అలాంటి తెల్లవారుజామున ఆగడం న్యాయమే. ఆ చలిలో బలవంతంగా చార్జ్ చేస్తే యానోడ్ మీద లిథియం లోహంగా పేరుకోవచ్చు. ఆ నష్టం తిరిగి పూడదు.

లాగ్ దాచేవి

సమయం మొదటి చిక్కు. బ్యాటరీ బ్యాకప్ ఉన్న గడియారం లేని బోర్డులు ‘ఆన్ అయినప్పటి నుంచి ఇన్ని సెకన్లు’ అని మాత్రమే రాస్తాయి. గడియారం ఉన్నా ఫ్యాక్టరీలో చైనా సమయానికి పెట్టి వదిలేస్తే మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. సాయంత్రం 6 గంటల ట్రిప్ రాత్రి 8.30కి కనిపిస్తుంది. డ్రైవరేమో ‘అప్పటికి బండి ఇంట్లో ఉంది’ అంటాడు, మెకానిక్ అబద్ధమనుకుంటాడు. ఇద్దరిదీ తప్పు లేదు.

రెండోది చోటు. మెమరీ నిండితే పాత నమోదు చెరిగి కొత్తది వస్తుంది. హద్దు దగ్గర ఊగిసలాడే ఒక సెల్ నిమిషానికి పదిసార్లు ట్రిప్-రిలీజ్ రాస్తే, నెల కిందటి ముఖ్యమైన నమోదు ఒక్క పూటలో కొట్టుకుపోతుంది.

మూడోది నిలిచిపోయిన విలువ. 2013 జనవరి 7న బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787లో ఎనిమిది సెల్‌ల లిథియం బ్యాటరీ కాలింది. దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా బోర్డు ఎన్‌టీఎస్‌బీ తన నివేదికలో బ్యాటరీ లోపాలతో పాటు విమానం రికార్డర్‌లోని పాతబడిన డేటా సమస్యనూ ఎత్తిచూపింది. అసలు కొలత ఆగిపోయాక కూడా పాత విలువే కొనసాగుతూ కనిపిస్తే దర్యాప్తు దారి తప్పుతుంది. విమానంలోనే అలా జరిగితే బ్లూటూత్ యాప్‌లో జరగదని ఎలా అనుకోగలం? పది నిమిషాల పాటు ఏ సెల్ వోల్టేజీ ఒక్క మిల్లీవోల్టు కూడా కదలలేదంటే అది నిలకడగా ఉన్న ప్యాక్ కాకపోవచ్చు, తెగిపోయిన కనెక్షన్ కావచ్చు.

నాలుగోది మన బజార్లకు సంబంధించింది. చరిత్ర ఉండేది బీఎంఎస్‌లో, వయసు మీదపడేది సెల్‌లకు. బోర్డు మార్చితే చరిత్ర మాయమవుతుంది. పాత సెల్‌లకు కొత్త బోర్డు బిగించిన ప్యాక్‌లో సైకిల్ లెక్క, అంటే ఎన్నిసార్లు నింపి ఖాళీ చేశారన్నది, మూడో నాలుగో చూపిస్తుంది. సీలంపూర్, మాయాపురి లాంటి తుక్కు బజార్లున్న మహానగరంలో సెకండ్‌హ్యాండ్ ప్యాక్ కొనేవారు యాప్‌లోని సైకిల్ లెక్క చూసి ధర ఒప్పుకోకూడదు. ఒకసారి పూర్తిగా నింపి, పూర్తిగా ఖాళీ చేసి ఎన్ని ఆంపియర్-అవర్లు వచ్చాయో కొలిపించుకోవడమే దారి.

అన్నిటికన్నా పెద్దది ఐదోది. నెమ్మదిగా జరిగే క్షీణత లాగ్‌కు అందదు. సామర్థ్యం నెలనెలా తగ్గుతుంది, లోపల లిథియం పేరుకుంటుంది, అయినా ఏ హద్దూ దాటదు. నమోదు లేకపోవడం ఆరోగ్యానికి రుజువు కాదు.

పెద్ద బ్యాటరీలు, పెద్ద వాదాలు

ఢిల్లీలో గ్రిడ్ బ్యాటరీల కథ 2019 ఫిబ్రవరిలో మొదలైంది. టాటా పవర్ ఢిల్లీ డిస్ట్రిబ్యూషన్, ఏఈఎస్, మిత్సుబిషి కలిసి రోహిణిలో 10 మెగావాట్ల నిల్వ కేంద్రం ప్రారంభించాయి. 2025లో దక్షిణ ఢిల్లీ కిలోకరీలో బీఎస్‌ఈఎస్ రాజధాని పరిధిలో 20 మెగావాట్లు, 40 మెగావాట్-అవర్ల కేంద్రం వచ్చింది. ఈ స్థాయిలో లాగ్ చదివేవాళ్లు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఇంజనీర్లు. ఒక్కో మాడ్యూల్ వోల్టేజీ, ఉష్ణోగ్రత నిత్యం నమోదవుతుంటాయి. అంత వివరం ఉంటే వాదాలకు తావుండదని అనిపించవచ్చు.

అమెరికాలో అరిజోనాలోని మెక్‌మికెన్ బ్యాటరీ నిల్వ కేంద్రం అనుభవం వేరుగా చెబుతోంది. 2019 ఏప్రిల్ 19న అక్కడ పేలుడు జరిగి అగ్నిమాపక సిబ్బంది తీవ్రంగా గాయపడ్డారు. విద్యుత్ సంస్థ తరఫున డీఎన్‌వీ జీఎల్ 2020లో ఇచ్చిన నివేదిక లాగ్‌లోని ఒక చిన్న కదలికను పట్టుకుంది. ఒక సెల్ జత వోల్టేజీ ఉన్నట్టుండి 0.24 వోల్టులు పడిపోయింది, ఆ తర్వాత వేడి పెరిగింది. దీన్ని బట్టి సెల్ లోపలి లోపమే మూలమని ఆ నివేదిక తేల్చింది. సెల్‌లు తయారుచేసిన ఎల్‌జీ కెమ్ ఒప్పుకోలేదు. తాను నియమించుకున్న నిపుణుల పరిశీలనను చూపి బయటి నుంచి తగిలిన వేడి కారణం కావచ్చని వాదించింది. అంకెలు ఒకటే, నిర్ధారణలు రెండు. లాగ్ ఎంత వివరంగా ఉన్నా వ్యాఖ్యానం మీద తగాదా తప్పదని, అందుకే అది రెండు పక్షాలకూ అందుబాటులో ఉండాలని ఈ కేసు చూపిస్తుంది.

ఇక పరిశోధన వైపు చూస్తే ఆశలు రేపింది 2019లో నేచర్ ఎనర్జీలో వచ్చిన సెవర్సన్ బృందం పత్రం. 124 ఎల్‌ఎఫ్‌పీ సెల్‌ల మొదటి వంద సైకిళ్ల డేటా చూసి అవి ఎన్ని సైకిళ్లు మన్నుతాయో సుమారు 9 శాతం తేడాతో చెప్పగలిగారు. అప్పటికి చాలా సెల్‌లలో సామర్థ్యం తగ్గడం మొదలైనా కాలేదు. అయితే వాళ్లు వాడింది ఈవెంట్ లాగ్ కాదు. ప్రయోగశాలలో ఒకే ఉష్ణోగ్రతలో తీసిన నిరంతర వోల్టేజీ, కరెంటు రేఖలు. కృత్రిమ మేధతో బ్యాటరీ ఆయుష్షు చెబుతామనే యాప్‌లను అంచనా వేసేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. ట్రిప్పుల జాబితా నుంచి ఆయుష్షు రాదు. దానికి ట్రిప్పుల మధ్య గడిచిన మామూలు గంటల కొలతలు కావాలి.

ఎవరి లాగ్?

సాంకేతిక చిక్కులు ఎలాగో తీరతాయి. తెగనిది యాజమాన్యం. బ్యాటరీ మార్పిడి పద్ధతిలో నడిపే డ్రైవరుకు కనిపించేది శాతం ఒక్కటే, మిగతాదంతా కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. అప్పు మీద కొన్న ప్యాక్‌ను వాయిదా కట్టకపోతే దూరం నుంచే ఆపే వీలుంది. అలా ఆపింది లాగ్‌లో ఎలా కనిపించాలి? డ్రైవరు దాన్ని లోపమనుకుని మెకానిక్‌కు డబ్బులు పోయాలా? వారంటీ అడిగితే ‘డీప్ డిశ్చార్జి చేశారు, లాగ్‌లో ఉంది’ అని తిప్పి పంపవచ్చు. ఆ లాగ్ చూపించమంటే చూపించాలన్న స్పష్టమైన హక్కు కొన్నవారి చేతిలో ఉండాలి.

ఐరోపా ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. 2023లో వచ్చిన బ్యాటరీ నియంత్రణ చట్టం 14వ అధికరణం ప్రకారం 2024 ఆగస్టు 18 నుంచి బ్యాటరీ కొన్నవారికి, వారి తరఫువారికి బీఎంఎస్‌లోని ఆరోగ్య సమాచారం చదువుకునే వీలు కల్పించాలి. విద్యుత్ వాహనాల బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి నుంచి డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి. మన దగ్గర నీతి ఆయోగ్ 2022 ఏప్రిల్‌లో విడుదల చేసిన బ్యాటరీ మార్పిడి విధాన ముసాయిదా ప్రతి ప్యాక్‌కూ ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉండాలని ప్రతిపాదించింది. గుర్తింపు సంఖ్య మంచిదే. కానీ ఆ సంఖ్య వెనక చరిత్ర యజమానికి తెరుచుకోకపోతే అది తాళం లేని తాళంచెవి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. టెలిమాటిక్స్ లాగ్‌లో వోల్టేజీతో పాటు బండి ఎక్కడుందో, ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. అది డ్రైవరు జీవితం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో దాన్ని బ్యాటరీ డేటా అని కొట్టిపారేయడం కుదరదు. ఇక ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని బ్లూటూత్ బీఎంఎస్‌లో పక్కన నిలబడిన ఎవరైనా యాప్‌తో దూరి హద్దులు మార్చగలరు. అలా మారిస్తే లాగ్‌లో ఎవరు మార్చారన్నది ఉండదు.

చేయదగినవి

వాడేవాళ్లు చేయదగినవి తేలికైనవే. ప్యాక్ కొన్నరోజే సెట్టింగ్‌ల పేజీలన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి, పాస్‌వర్డ్ మార్చాలి, గడియారం సరిచేయాలి. నెలకోసారి లాగ్‌ను ఫోన్‌లోకి దించుకోవాలి. మెకానిక్ సెట్టింగ్ ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక ఒక్కో నకలు తీయమనాలి. ట్రిప్ పడినప్పుడు ఏ సెల్, ఎంత కరెంటు, ఎంత వేడి, చార్జింగా డిశ్చార్జా అన్న నాలుగూ చూడకుండా సెల్ మార్పించకూడదు. ప్యాక్ ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా, తాకితే కాలినా లాగ్ చూస్తూ కూర్చోకూడదు. ఇంట్లోంచి బయటికి, మనుషులకు దూరంగా పోవాలి.

తయారీదారులు, ప్రభుత్వం చేయాల్సినవి మూడు. మొదటిది, ప్రతి నమోదులో సెల్ సంఖ్య, కరెంటు, ఉష్ణోగ్రత, అప్పటి హద్దు, సమయం ఉండాలి. ట్రిప్‌కు ముందటి కొన్ని సెకన్ల కొలతలు కూడా భద్రమవ్వాలి. రెండోది, హద్దు మార్చడం, లెక్కలు చెరపడం, దూరం నుంచి ఆపడం కూడా లాగ్‌లో ఈవెంట్‌లుగానే పడాలి. వాటిని ఎవరూ చెరపలేని విధంగా ఉండాలి. మూడోది, బోర్డు మారినా చరిత్ర ప్యాక్ గుర్తింపు సంఖ్యను అంటిపెట్టుకుని ఉండాలి. యజమాని అడిగితే హిందీలోనో తెలుగులోనో అర్థమయ్యేలా ఇవ్వాలి. వారంటీ తిరస్కరించే కంపెనీ తాను ఆధారపడిన లాగ్ నకలును తిరస్కరణ లేఖతో పాటే ఇవ్వాలని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక నిబంధన పెడితే, ఈ మూడింటిలో సగం వాటంతటవే జరుగుతాయి. చూపించాల్సి వస్తుందని తెలిస్తే లాగ్‌ను సరిగ్గా రాయించాల్సిన అవసరం కంపెనీకే పుడుతుంది.